గాలం కర్ర మీద నిలిచిన దీవి

లక్షద్వీప్‌లో అన్నిటికన్నా దక్షిణాన ఉన్న మినికాయ్‌కి తెల్లటి ఇసుక ఎంత అందమో, ఓడల చరిత్ర అంత ఆస్తి. ఈ వారం ముఖచిత్ర కథనం.

పడవ వెనుక అంచున మనుషులు వరసగా నిలబడి ఉంటారు. చేతుల్లో వెదురు కర్రలు. ఒకతను తొట్టిలోంచి బతికున్న చిట్టి చేపలను గుప్పెడు గుప్పెడు తీసి సముద్రంలోకి విసురుతుంటాడు. మరొకరు నీళ్లు చిమ్ముతుంటారు. ఆ జల్లు చాటున పైకి తేలే చేపలకు పడవా కనపడదు, గాలం దారమూ కనపడదు. ఇక అక్కణ్నుంచి జరిగేదాన్ని కన్ను పట్టుకోవడం కష్టం. గాలం నీటిని తాకుతుంది, సూర చేప అందుకుంటుంది, కర్ర వెనక్కి లేస్తుంది. రెండు మూడు కిలోల చేప గాల్లో వెండిలా మెరిసి, గాలం నుంచి తనే ఊడి, పడవలో దబ్బున పడుతుంది. అది పడేలోపే కర్ర మళ్లీ నీటి మీద ఉంటుంది. గాలానికి ఎదురుముల్లు ఉండదు. చేప నోట్లోంచి దాన్ని పీకుతూ కూర్చునే పని లేదు. గుంపు దారి మార్చుకుందంటే కొన్ని నిమిషాల్లోనే అంతా సద్దుమణుగుతుంది.

మన విశాఖ రేవులో సూర అని పిలిచే ట్యూనా జాతిలో ఇది చిన్నది, స్కిప్‌జాక్. మినికాయ్ వాళ్లు దాన్ని తరతరాలుగా ఇలాగే, ఒక కర్రకు ఒక చేప చొప్పున పడుతున్నారు. సూర వేటకు వల లేదు కాబట్టి తాబేలు చిక్కుకోదు, డాల్ఫిన్ చిక్కుకోదు. 1960ల్లో మర పడవలు వచ్చేవరకూ లక్షద్వీప్ మొత్తంలో ఈ విద్య ఒక్క మినికాయ్‌కే తెలుసు. మిగతా దీవులు ఇక్కణ్నుంచే నేర్చుకున్నాయి.

అసలు పని మాత్రం అంతకుముందే, తెల్లవారుజామున, తీరానికి దగ్గరలోనే మొదలవుతుంది. దీవికి పడమట పగడపు గట్టు ఒకటి సముద్రాన్ని అడ్డుకుని, లోపల విశాలమైన, అలల్లేని నీటిని నిలిపి ఉంచింది. దాన్నే లగూన్ అంటున్నాం. జాలర్లు ముందుగా ఆ లోపలి నీటిలో, పగడాల మీద వల పరిచి, హొండెలి లాంటి వేలెడు చేపలను ఎరగా పడతారు. వాటిని చంపరు. పడవ అడుగున చిల్లులున్న తొట్టి ఉంటుంది, అందులోకి సముద్రపు నీరు వస్తూ పోతూ ఉంటుంది. ఎర బతికి ఉంటేనే వేట. ఆ తర్వాత గట్టులోని సందు దాటి బయటి సముద్రంలోకి వెళ్లి, పక్షులు ఎక్కడ నీటి మీదికి దూకుతున్నాయో చూసుకుంటూ తిరుగుతారు. పక్షులున్నచోట సూర గుంపు ఉంటుంది. ఈ క్రమాన్ని కాస్త గుర్తుంచుకోండి. లగూన్‌లో ఎర దొరక్కపోతే బయట వేట లేదు. దీవి భవిష్యత్తు గురించి నడుస్తున్న చర్చంతా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

సాయంత్రం ఒడ్డు మీద మాస్ అనే ఎండు సూర తయారీ. చేప తల తీసి, కడుపు శుభ్రం చేసి, నిలువుగా చీల్చి, ఉప్పునీటిలో ఉడకబెడతారు. తర్వాత కొబ్బరి పీచు, చిప్పల పొగ మీద ఆరబెట్టి, రోజుల తరబడి ఎండబెడతారు. చివరికి ముక్క చింత మొద్దులా తయారవుతుంది. కత్తితో తరగాల్సిందే, చేత్తో విరగదు. మంచు పెట్టెలూ కోల్డ్ స్టోరేజీలూ లేని రోజుల్లో నెలల తరబడి ఓడ ప్రయాణం చేసేవాళ్లకు ఇంతకుమించిన తిండి ఏముంటుంది? తరుగును కొబ్బరితో కలిపితే కూర, పప్పులో వేస్తే రుచి. ఉడికించగా మిగిలిన నీటిని కూడా పారబోయరు. మరిగించి మరిగించి చిక్కటి ముద్ద చేస్తారు, దాన్ని రిహాకురు అంటారు. ఒకప్పుడు ఈ మాస్‌నే పడవలకెత్తి శ్రీలంక రేవులకు తీసుకెళ్లి అమ్మి, బియ్యం, బట్టలు తెచ్చుకునేవారు. 1969లో ప్రభుత్వం ఇక్కడ ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీ పెట్టింది. అయినా ఇంటింటి పొగ ఆగలేదు.

రెండు చానళ్ల నడుమ

మ్యాప్ ముందు పెట్టుకుంటే మినికాయ్ కథ సగం అర్థమవుతుంది. కొచ్చికి నైరుతిగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, నెలవంకలా వంగిన సన్నటి నేల. పొడవు పది కిలోమీటర్ల పైచిలుకు. వెడల్పు చాలాచోట్ల నడిచి దాటేంత. మొత్తం వైశాల్యం అయిదు చదరపు కిలోమీటర్లకు లోపే. 2011 జనాభా లెక్కల ప్రకారం 10,447 మంది. ఉత్తరాన నైన్ డిగ్రీ చానల్, దాని అవతల, 200 కిలోమీటర్ల దూరంలో మిగతా లక్షద్వీప్. దక్షిణాన ఎయిట్ డిగ్రీ చానల్, దాని అవతల మాల్దీవులు. సొంత దీవుల కన్నా పరాయి దేశమే దగ్గర.

సూయజ్ నుంచి కొలంబో వైపూ సింగపూర్ వైపూ పోయే ఓడలకు నైన్ డిగ్రీ చానల్ రాజమార్గం. నీటిమట్టం మీద రెండు మూడు మీటర్లు కూడా లేని ఈ దీవి, రాత్రివేళ ఆ ఓడల పాలిట గండం. పీ అండ్ ఓ కంపెనీ స్టీమరు ‘కొలంబో’ 1862లో మినికాయ్ గట్టుకు తగిలి ఇక్కడే ముగిసిపోయింది. ఏడేళ్లకు, 1869లో, సూయజ్ కాలువ తెరుచుకుంది. ఓడల రద్దీ పెరిగింది. చివరికి బ్రిటిష్‌వాళ్లు 1885లో ఇక్కడ లైట్‌హౌస్ వెలిగించారు. 150 అడుగులకు పైగా ఎత్తున్న ఇటుక స్తంభం అది. ఇప్పటికీ పనిచేస్తోంది. దేశానికి స్వాతంత్ర్యం 1947లోనే వచ్చినా, ఈ దీపస్తంభం మన ప్రభుత్వం చేతికి వచ్చింది 1956లో. అంతర్జాతీయ ఓడల దారికి అదెంత ముఖ్యమో ఈ ఒక్క సంగతే చెబుతుంది.

పైకెక్కితే మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి. కాళ్లు పట్టేస్తాయి. పైన గాలి విసురుకు రెయిలింగ్ వదలబుద్ధి కాదు. కానీ దీవి మొత్తాన్ని ఒక్క చూపులో చూడగలిగేది అక్కణ్నుంచే. ఒకవైపు కొబ్బరి తోపుల పచ్చదనం, దానికి పడమట లేత ఆకుపచ్చ లగూన్, లగూన్ చివర పగడపు గట్టు మీద విరుగుతున్న తెల్లటి నురగ గీత, ఆ గీత దాటితే ఒక్కసారిగా ముదురు నీలం. తూర్పు వైపు ఆ మెత్తదనం లేదు. అక్కడ సముద్రం నేరుగా ఒడ్డును కొడుతుంది. ఇసుకకు బదులు విరిగిన పగడపు రాళ్లు. నైరుతి కొసన విరింగిలి అనే చిన్న దిబ్బ. ఒకప్పుడు కుష్ఠు వ్యాధి సోకినవాళ్లను ఊళ్లో ఉండనివ్వక అక్కడికి పంపేవారు. ఇప్పుడు అక్కడెవరూ ఉండరు. పర్యాటకుల ఫొటోల్లో అందంగా పడుతుంది. ఆ నేల మీద గడిచిన జీవితాలు తెలిశాక మాత్రం కెమెరా ఎత్తడానికి నాకు చేయి రాలేదు.

ఓడ ఎక్కిన మగవాళ్లు, ఊరు నడిపిన ఆడవాళ్లు

మినికాయ్‌ను స్థానికులు మలికు అంటారు. మిగతా లక్షద్వీప్ మలయాళానికి దగ్గరి జెసరి మాట్లాడితే, ఇక్కడ వినపడేది మహల్. మాల్దీవుల దివేహికి, సింహళానికి చుట్టం. తానా లిపిలో, ఉర్దూలా కుడి నుంచి ఎడమకు రాస్తారు. పాలన పరంగా చాలాకాలం కన్ననూరు అరక్కల్ రాజవంశం కింద ఉండి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పూర్తిగా బ్రిటిష్ చేతికి వెళ్లింది. 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైంది. ఆ ప్రాంతానికి లక్షద్వీప్ అన్న పేరు పెట్టింది 1973లో. 1976లో భారత్, మాల్దీవులు సముద్ర సరిహద్దు ఒప్పందం చేసుకోవడంతో దీవి ఎవరిదన్న మాటకు తావు లేకుండా పోయింది.

కానీ ఈ రాజులకన్నా, రాజ్యాలకన్నా మినికాయ్‌ను తీర్చిదిద్దింది ఓడ. ఇక్కడి మగవాళ్లు ముందు సొంత తెరచాప ఓడల మీద మలబారుకు, శ్రీలంకకు, బెంగాలుకు, బర్మాకు వెళ్లారు. తర్వాత స్టీమర్ల కాలం వచ్చాక కలకత్తా రేవులో సరంగులుగా, ఖలాసీలుగా చేరి ప్రపంచమంతా తిరిగారు. నేటికీ మర్చంట్ నేవీలో పనిచేసేవాడు లేని కుటుంబం ఇక్కడ అరుదు. మన కోరంగి ఓడలు కూడా అదే బంగాళాఖాతం మీద రంగూన్ దాకా తిరిగాయి. 1839 తుపాను, ఆపై పూడిపోయిన రేవు మన దగ్గర ఆ వృత్తిని చరిత్ర పుస్తకంలోకి నెట్టేశాయి. చుట్టూ సముద్రం తప్ప దిక్కులేని మినికాయ్‌లో అదింకా నెలజీతంగా ఇంటికి వస్తోంది.

మగవాళ్లు ఏళ్ల తరబడి నీటి మీద ఉంటే ఊరిని ఎవరు నడపాలి? ఇంటిని, నేలను, పిల్లలను ఆడవాళ్లే చూసుకున్నారు. ఆస్తి తల్లి వైపు నుంచి వస్తుంది. పెళ్లయ్యాక భర్తే భార్య ఇంటికి వెళ్తాడు. దీవి చిన్నదే అయినా జనం పల్లెలుగా విడివిడిగా ఉంటారు. ఫుణ్‌హిలోల్, బడా, ఔమగు, కుడెహి, రమ్మెడు... ప్రతి పల్లెకూ మగవాళ్ల పెద్ద ఒకరు, ఆయన్ను బొడుకాకా అంటారు. ఆడవాళ్ల పెద్ద ఒకరు, ఆమె బొడుతాతా. ఊరి ఉమ్మడి పనులు, పెళ్లిళ్లు, పడవ లాగడం, బావి శుభ్రం చేయడం, తగాదా తీర్చడం వీళ్ల మాట మీద సాగుతాయి. పిలుపు వస్తే ఇంటికొకరు రావాల్సిందే. మార్కో పోలో రాసిన ‘ఆడవాళ్ల దీవి’ ఇదేనని చాలామంది చెబుతుంటారు. ఆ కథ నిజం కానక్కర్లేదు. అబ్బురపడి చూసే బయటివాడి కన్ను ఎప్పుడూ ఇలాంటి కథలే అల్లుతుంది. ఎన్నో ఊళ్లలో మగవాడు దుబాయ్ వెళ్లాక ఇల్లూ పొలమూ ఆడవాళ్లు నెట్టుకొస్తున్నారు. కరీంనగర్, కడప జిల్లాల పల్లెలు చూసినవాళ్లకు ఇందులో అబ్బురం కన్నా పరిచయమే ఎక్కువ కనిపిస్తుంది. తేడా ఒకటే. మినికాయ్ ఆ బాధ్యతకు తగ్గ హోదా కూడా ఆడవాళ్లకు ఇచ్చింది.

పల్లెల మధ్య పోటీ జహాధోని మీద తేలుతుంది. పొడవాటి పడవ, ఒక్కో ఊరిదీ ఒక్కో రంగుల అలంకారం. పండగకూ అతిథుల స్వాగతానికీ నీళ్లలోకి దించుతారు. తెడ్లు ఒక్కసారిగా నీట మునిగి లేచే వేగం చూస్తే, ఈ చేతులు ఓడ పనికి ఎలా అలవాటు పడ్డాయో చెప్పక్కర్లేదు. ఒడ్డున మగవాళ్లు పెద్ద డోళ్లు పట్టుకుని లావా నాట్యం చేస్తారు.

ఓడ ఎక్కినవాళ్లతో మాట్లాడటం మాత్రం ఈ మధ్యే సులువైంది. 2024 జనవరిలో కొచ్చి నుంచి దీవులకు సముద్రగర్భ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. అంతకుముందు ఇక్కడ ఇంటర్నెట్ అంటే ఉపగ్రహమే, ఓపికే. ఓడ మీద ఉన్న మనిషి ముఖం చూసి మాట్లాడటం ఇక్కడి ఇల్లాలికి ఎంత పెద్ద సంగతో నగరంలో ఉన్నవాళ్లం ఊహించగలమా?

మన వానకు మొదటి కబురు

తెలుగు రైతుకు మినికాయ్‌తో ఒక బంధం ఉంది. రోహిణి కార్తె ఎండల్లో, టీవీలో ‘నైరుతి కేరళను తాకింది’ అన్న మాట కోసం చూస్తాం కదా, ఆ ప్రకటనకు వాతావరణ శాఖ 14 కేంద్రాల వాన లెక్క చూస్తుంది. ఆ జాబితాలో మినికాయ్ ఒకటి. మే 10 తర్వాత ఈ కేంద్రాల్లో కనీసం 60 శాతం చోట్ల వరసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లు, అంతకుమించి వాన పడాలి. గాలుల తీరూ మేఘాల తీరూ కూడా కలిసి రావాలి. అప్పుడే రుతుపవనం వచ్చినట్టు. అనంతపురంలో వేరుశనగ విత్తనం కోసం, వరంగల్‌లో పత్తి కోసం చూసే చూపు ఒక రకంగా ఈ చిన్న దీవి వానకొలత పాత్ర మీదే ఉంది.

అదే వాన ఇక్కడ పడవలను ఒడ్డెక్కిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం మూసుకుపోయినట్టే. తాగునీటి సంగతీ వానతోనే ముడిపడింది. నదుల్లేవు, కొండల్లేవు. పగడపు ఇసుకలోకి ఇంకిన వాన నీరు, కింది ఉప్పునీటి మీద పలుచగా తేలుతూ ఉంటుంది. ఎక్కువ తోడితే ఉప్పు పైకి వస్తుంది. 2011లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఇక్కడ ఒక ప్లాంటు పెట్టింది. వెచ్చటి పైనీటిని తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేసి, లోతు నుంచి తోడిన చల్లటి నీటితో ఆ ఆవిరిని మంచినీటిగా మారుస్తారు. రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యం. పదివేల మందికి తలా పది లీటర్లు. ఒక హోటల్ గదిలో షవర్ కింద నిలబడే అతిథి ఎన్ని లీటర్లు వాడతాడో లెక్క వేసుకోండి.

ఎలా వెళ్లాలి

లక్షద్వీప్‌కు ప్రవేశ అనుమతి తప్పనిసరి. టికెట్ కొన్నాక కాదు, ముందే. మినికాయ్‌కి విమానాశ్రయం లేదు. కొచ్చి నుంచి ఓడే దారి. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం చేరితే, విల్లింగ్డన్ దీవిలోని లక్షద్వీప్ పాలనా కార్యాలయంలో వివరాలు దొరుకుతాయి. పర్యాటక సంస్థ స్పోర్ట్స్ నడిపే ‘సముద్రం’ ప్యాకేజీలో ఎంవీ కవరత్తి ఓడ కవరత్తి, కల్పెని, మినికాయ్ దీవులను చూపిస్తుంది. పగలు దీవిలో, రాత్రి ఓడలో. 700 మందిని మోసే ఆ ఓడను కట్టింది మన విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో. అది తెలిశాక ఆ ఓడ మెట్లెక్కడం వేరే అనుభవం. అక్టోబరు నుంచి మే సగం దాకా మంచి కాలం. దీవిలో మద్యం నిషేధం. ముస్లిం పల్లెలు, ఇళ్ల మధ్య దారులు ఇరుకు. ఒంటి మీద బట్టలు నిండుగా ఉండాలి. ఆడవాళ్లను అడక్కుండా ఫొటో తీయకూడదు.

ఇసుకతీరం కోసమే వెళ్లేవాళ్లకు తుండి బీచ్ చాలు. 2022లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. మోకాలి లోతు నీటిలో నిలబడితే కాలివేళ్లు కనిపిస్తాయి. నా సలహా ఒకటి. బీచ్‌లో ఒక పూట తగ్గించుకుని అయినా, పడవలు తిరిగొచ్చే సాయంత్రం ఒడ్డున ఉండండి. మినికాయ్‌ని మినికాయ్ చేసింది అక్కడ దిగుతుంది.

లగూన్ మీద పందెం

2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ వెళ్లొచ్చాక దేశం చూపు ఒక్కసారిగా అటు తిరిగింది. అదే ఏడాది మార్చి 6న మినికాయ్‌లో నౌకాదళం ఐఎన్ఎస్ జటాయు స్థావరాన్ని ప్రారంభించింది. పక్కనే అంతర్జాతీయ ఓడల దారి ఉన్న చోట అది అవసరమే. నా ఆందోళన వేరే విషయంలో. 2021లో సుహేలి, కద్మత్ దీవులతో పాటు మినికాయ్‌లోనూ నీటి మీద కట్టే విల్లాలకు టెండర్లు పిలిచారు. నీటి మీద అంటే లగూన్ మీదే. గదుల కోసం పగడాల్లో స్తంభాలు దిగాలి, వాడిన నీరు ఎటో పోవాలి, మోటారు బోట్లు తిరగాలి. హొండెలి బతికేది అక్కడే. అది లేకపోతే కర్ర వేట లేదు, మాస్ లేదు, ఆ పడవల మీద బతికే ఇళ్లు లేవు.

పగడాలు ఇప్పటికే నలిగి ఉన్నాయి. సముద్రం వేడెక్కి 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో లక్షద్వీప్ పగడాలు తెల్లబోయాయి. దీవిని అలల నుంచి కాపాడే కోటగోడ ఆ పగడమే. గోడ చచ్చిపోతే వెనకున్న రెండు మీటర్ల ఇసుక ఎన్నాళ్లు నిలుస్తుంది? పర్యాటకం వద్దని నేననను. దీవి యువతకు ఓడ ఉద్యోగం ఒక్కటే దారి కాకూడదు. ఊళ్లలోని ఇళ్లే అతిథులకు గదులైతే, పడవలవాళ్లే లగూన్ చూపిస్తే, డబ్బు ఊళ్లోనే నిలుస్తుంది, పగడం మీద బరువు పడదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఆర్.వి.రవీంద్రన్ కమిటీ సిఫారసులతో లక్షద్వీప్‌కు దీవుల సమగ్ర నిర్వహణ ప్రణాళిక ఉండనే ఉంది. దానికి కట్టుబడాలి. లగూన్‌లో ఒక్క స్తంభం దించే ముందు, తెల్లవారుజామున ఆ నీటిలో ఎర పట్టే జాలర్లనూ, పల్లెల బొడుకాకాలనూ బొడుతాతాలనూ కూర్చోబెట్టి అడగాలి. వాళ్లు వద్దంటే మానుకోవాలి. మీరు వెళ్లినప్పుడు కూడా నీటి మీది విల్లా కోసం కాకుండా ఊరి ఇంటి కోసం అడగండి. వచ్చేటప్పుడు చచ్చిన పగడపు ముక్క కూడా తేవద్దు, మాస్ కొనుక్కుని రండి.